షష్టిపూర్తికి అలాస్కా ఓడ: చలి కంటే ముందు చూసుకోవాల్సినవి

క్లుప్తంగా: అలాస్కా క్రూయిజ్ సీజన్ దాదాపు మే నుంచి సెప్టెంబరు వరకే. ఆ నెలల్లో అక్కడి చలి మన అరకు డిసెంబరును మించదు, తడి మాత్రం చాలా ఎక్కువ. పెద్ద చిక్కు కాగితాలది. అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగే ఓడ కూడా మధ్యలో కెనడాలో ఆగుతుంది. దాని వెనుక 1886 నాటి చట్టం ఉంది. అందుకే ఇంట్లో ఎవరి చేతిలో ఏ పాస్‌పోర్టు, ఏ వీసా ఉన్నాయో చూసుకున్న తర్వాతే ఓడను ఎంచుకోవాలి. చాలా కుటుంబాలు దీన్ని తలకిందులుగా చేస్తున్నాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి పెద్దకు అరవై నిండుతున్నాయంటే నిన్నమొన్నటి దాకా రెండే ప్రశ్నలు వినిపించేవి. ముహూర్తం ఎప్పుడు? వంటలు ఎవరికి చెప్పారు? ఇప్పుడు మూడోది చేరింది: పిల్లలు ఎక్కడికి తీసుకెళ్తున్నారు? సియాటెల్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు అలాస్కా ఓడ పేరు చెబుతాడు. హైదరాబాద్‌లో ఉన్న కూతురు వీసా దొరుకుతుందా అని అడుగుతుంది. రాజాంలోనో పాలకొండలోనో ఉన్న తల్లికి అంత చలికి తట్టుకోగలమా అన్న టెన్షన్. తండ్రి ఖర్చు ఎంతో అడగడు గానీ ఆయన మనసులో ఉండేది అదే. ఈ నాలుగింటిలో ఏది నిజంగా బరువైన ప్రశ్నో, ఏది ఉత్తి భయమో విడదీసి చూస్తే నిర్ణయం తేలికవుతుంది.

అరవై, ఎనభై: లెక్క ఎక్కడిది

ప్రభవ నుంచి అక్షయ దాకా తెలుగు సంవత్సరాలు 60. పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ తిరిగి వచ్చినప్పుడు షష్టిపూర్తి. 1966 ఉగాదితో మొదలైన పరాభవ నామ సంవత్సరం 2026 ఉగాదికి మళ్లీ వస్తుంది. గురుడు రాశిచక్రం చుట్టడానికి పట్టే సుమారు 12 ఏళ్లకు ఐదు రెట్లు, శనికి పట్టే సుమారు 30 ఏళ్లకు రెండు రెట్లు కూడా ఈ అరవయ్యే. డెబ్బైకి భీమరథ శాంతి. ఆ తర్వాత సహస్ర చంద్ర దర్శనం. ఒక పున్నమికీ ఇంకో పున్నమికీ మధ్య సగటున 29.53 రోజులు కాబట్టి, వెయ్యి పున్నములు చూడాలంటే రమారమి 80 ఏళ్ల 10 నెలలు పడుతుంది. ఇంటి ఆచారాన్ని బట్టి ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పెళ్లి, గృహప్రవేశం పెద్దలు చేస్తారు. షష్టిపూర్తి మాత్రం పిల్లలు తల్లిదండ్రులకు చేసేది. ఖర్చు పిల్లలది, పీటల మీద కూర్చునేది పెద్దలు. ఓడ ప్రయాణం ఈ వరసలో సులువుగా ఇమిడిపోవడానికి కారణం అదే. కొడుకూ కూతురూ టికెట్లు కొంటే తల్లిదండ్రులకు మొహమాటం తక్కువ. పైగా మూడు తరాలు మూడు చోట్ల ఉన్నప్పుడు ఎవరో ఒకరి ఇంట్లో కలిస్తే ఆ ఇంటి ఇల్లాలికి వారం రోజులు వంటిల్లే గతి. ఓడలో ఆ భారం ఎవరి మీదా పడదు. సామాను ఒకసారి విప్పి అలమరలో సర్దుకుంటే చాలు, ఊళ్లు వాటంతట అవే కిటికీ దగ్గరికి వస్తాయి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

కాలెండర్ మాత్రం అంత సులువుగా కలవదు. అమెరికా మనవలకు బడి సెలవులు టెక్సాస్‌లో మే నెలాఖరుకే మొదలైతే, సియాటెల్ వైపు జూన్ సగం దాటాక గానీ మొదలుకావు. ఆంధ్రలో జూన్ రెండో వారానికే బళ్లు తెరుస్తారు. అంటే సియాటెల్ మనవడికి సెలవులిచ్చేసరికి విజయనగరం మనవరాలికి క్లాసులు మొదలైపోయి ఉంటాయి. దసరాకు చూద్దాంలే అనుకునే వీలూ లేదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం జరిగే నాటికి అలాస్కా ఓడలు చాలావరకు సీజన్ ముగించి వెచ్చని సముద్రాలకు వెళ్లిపోయి ఉంటాయి. ముహూర్తాలు లేని ఆషాఢం మాత్రం సరిగ్గా సీజన్ మధ్యలో పడుతుంది. శుభకార్యాలకు పనికిరాని నెల ప్రయాణానికి కలిసివస్తుందన్నమాట.

చలి ఎంత, తడి ఎంత

అలాస్కా అనగానే గడ్డకట్టిన సముద్రం కళ్ల ముందుకొస్తుంది. ఓడలు తిరిగేది మాత్రం ఆ రాష్ట్రపు ఆగ్నేయ కొసలో, పసిఫిక్ గాలి తగిలే దీవుల మధ్య. రాజధాని జునోలో జులైలో పగలు 17, 18 డిగ్రీలు, రాత్రి 10, 11 డిగ్రీలు ఉంటుంది. మేలో ఇంకో నాలుగైదు డిగ్రీలు తక్కువ. డిసెంబరులో అరకు, లంబసింగి వెళ్లి తెల్లవారుజామున వణికి వచ్చినవాళ్లకు ఈ అంకెలు కొత్త కావు. లంబసింగిలో అంతకన్నా బాగా దిగిపోతుంది కూడా.

తేడా ఎండలో ఉంది. అరకులో పది గంటలకు ఎండెక్కితే స్వెటర్ తీసేస్తాం. అలాస్కాలో సన్న చినుకు పొద్దస్తమానం పడుతూనే ఉండవచ్చు. ఓడలు ఆగే ఊళ్లలో ఒకటైన కెచికన్‌లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. శ్రీకాకుళం జిల్లాలో పడేదానికి ఇది మూడింతలు. అలాస్కా ఆగ్నేయంలో మే, జూన్ కాస్త పొడి నెలలు. ఆగస్టు నుంచి వాన పెరుగుతూ సెప్టెంబరు, అక్టోబరులకు తారస్థాయికి చేరుతుంది.

రెండోది గాలి. ఓడ గంటకు 20 నాట్ల వేగంతో పోతుంటే డెక్ మీద నిలబడ్డ మనిషికి 37 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి తగిలినట్టే. జనవరి పొగమంచులో తెల్లవారుజామున బండి మీద ఆమదాలవలస స్టేషన్‌కు వెళ్లినప్పుడు మొహానికి తగిలే చలి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. హిమానీనదం దగ్గరికి వెళ్లేకొద్దీ, మంచు మీదుగా జారి వచ్చే బరువైన చల్లగాలి ఇంకాస్త కోస్తుంది.

అందుకే ఒక్క మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా సింథటిక్ బనీను, దాని మీద ఫ్లీస్, పైన నీళ్లు దిగని రెయిన్ జాకెట్. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. చీర కట్టుకునేవాళ్లు లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకుని, చెప్పులకు బదులు బూట్లు తొడుక్కుంటే సరిపోతుంది. మన మంకీ క్యాప్‌కు ఇంతకన్నా తగిన చోటు ఇంకోటి ఉండదు, ఫోటోల్లో ఎలా ఉంటుందన్నది వేరే సంగతి.

రాత్రి ఆకాశంలో రంగుల తెరల్లా కదిలే ఉత్తర కాంతుల (అరోరా) కోసం వెళ్లేవాళ్లకు ఒక మాట. జూన్‌లో జునోలో పగలే 18 గంటలుంటుంది, రాత్రి పదయినా వెలుతురు పోదు. ఆకాశం చీకటి పడనప్పుడు అరోరా కనిపించదు. ఆగస్టు చివర, సెప్టెంబరులో మబ్బు లేకపోతే అవకాశం ఉంది. అదొక్కటే కోరికైతే అలాస్కా ఓడ దానికి సరైన బండి కాదు.

ఓడ కెనడాలో ఎందుకు ఆగుతుంది

సియాటెల్ నుంచి బయల్దేరే వారం రోజుల ఓడ జునో, స్కాగ్వే, కెచికన్ లాంటి ఊళ్లు చుట్టి తిరిగి సియాటెల్‌కే వస్తుంది. అన్నీ అమెరికా ఊళ్లే. అయినా చాలా ప్రయాణాల్లో చివరి సాయంత్రం విక్టోరియా అనే కెనడా రేవులో కొన్ని గంటలు ఆగుతుంది. చీకటి పడే వేళకు చేరి, అర్ధరాత్రికి కదిలిపోయే ఆ మజిలీలో చూడ్డానికి పెద్దగా సమయం కూడా ఉండదు. మరెందుకు ఆగుతుందంటే, ఆగకపోతే చట్టం ఒప్పుకోదు.

1886లో అమెరికా ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ తెచ్చింది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదన్నది దాని సారాంశం. స్వదేశీ ఓడల వ్యాపారాన్ని కాపాడుకోవడానికి తెచ్చిన చట్టం అది. ఇవాళ పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి దేశాల్లో రిజిస్టరైనవే. అమెరికా జెండాతో తిరిగే పెద్ద క్రూయిజ్ ఓడ హవాయిలో ఒక్కటుంది. కాబట్టి మిగతా ఓడలు ఎక్కిన రేవులోనే దించాలన్నా మధ్యలో ఏదో ఒక విదేశీ రేవును తాకాలి. అలాస్కా దారిలో ఉన్న విదేశం కెనడా ఒక్కటే.

2021లో ఈ చట్టం ఎంత గట్టిదో తెలిసింది. కోవిడ్ వల్ల కెనడా తన రేవులు మూసేయగానే అలాస్కా సీజన్ మొత్తం ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆ ఏడాది మే నెలలో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా తాత్కాలిక మినహాయింపు చట్టం చేస్తే గానీ ఓడలు కదల్లేదు. మినహాయింపు ముగిశాక పాత నియమం మళ్లీ మామూలే.

వాంకూవర్‌లో ఎక్కే ఓడలకు ఈ సమస్య లేదు, బయల్దేరడమే కెనడా నుంచి కాబట్టి. కానీ మన ప్రయాణికుడికి రెండు దారుల్లోనూ రెండు దేశాల వీసాలు కావాలి. విక్టోరియాలో కిందికి దిగకుండా క్యాబిన్‌లోనే పడుకుంటామన్నా కుదరదు. రేవు దారిలో ఉంటే వీసా చూపించాల్సిందేనని క్రూయిజ్ కంపెనీలు అంటాయి.

ఒకే ఇంటి నుంచి ఐదు రకాల కాగితాలు

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. బొబ్బిలిలో రిటైరైన దంపతులు. సియాటెల్‌లో కొడుకు, హెచ్-1బీ మీద. కోడలికి గ్రీన్ కార్డు వచ్చింది. అక్కడే పుట్టిన మనవడు అమెరికా పౌరుడు. విజయనగరంలో కూతురు, అల్లుడు, వాళ్ల పాప.

మనవడికి వీసా అక్కర్లేదు. కోడలిది భారతీయ పాస్‌పోర్టే అయినా, అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కెనడా 2022 నుంచి వీసాతో పాటు ఎలక్ట్రానిక్ అనుమతి కూడా అడగడం లేదు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు రెండూ చేతిలో ఉంటే చాలు. కొడుక్కి ఆ వెసులుబాటు లేదు. హెచ్-1బీ ఎన్నేళ్లుగా ఉన్నా కెనడా విజిటర్ వీసా తీసుకోవాల్సిందే. అతని పాస్‌పోర్టులో ఉన్న అమెరికా వీసా ముద్ర (స్టాంపింగ్) గడువు దాటిపోయి ఉంటే ఇంకో మెలిక. 30 రోజుల లోపు కెనడా వెళ్లి వచ్చేవాళ్లను చెల్లుబాటయ్యే ఐ-94తో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ప్రవేశ పత్రం) తిరిగి రానిచ్చే నిబంధన ఒకటుంది గానీ, దాని షరతులు తెలుసుకోకుండా, ఓడ కంపెనీని ముందే అడగకుండా దాని మీద ఆధారపడటం సాహసమే. ఒకే ఇంట్లో ఒకే పడకగదిలో ఉండే మొగుడూ పెళ్లాలకు రెండు రకాల నియమాలు వర్తిస్తాయని చాలామందికి బుకింగ్ అయ్యాక గానీ తెలియదు.

బొబ్బిలి దంపతులకు అమెరికా విజిటర్ వీసా (బీ1/బీ2), కెనడా విజిటర్ వీసా రెండూ కావాలి. అమెరికా వీసాకు దరఖాస్తు రుసుం మనిషికి 185 డాలర్లు. ఇంటర్వ్యూ హైదరాబాద్ కాన్సులేట్‌లో. అంటే విశాఖ ఎక్స్‌ప్రెస్‌లోనో ఫలక్‌నుమాలోనో ఒక రాత్రి ప్రయాణం, నానక్‌రాంగూడలో కొన్ని నిమిషాల ప్రశ్నలు, మళ్లీ ఒక రాత్రి ప్రయాణం. భారతీయులకు ఇది సాధారణంగా పదేళ్ల మల్టిపుల్ ఎంట్రీగా వస్తుంది కాబట్టి, మనవడు పుట్టినప్పుడు వెళ్లొచ్చినవాళ్ల దగ్గర చాలావరకు ఉండే ఉంటుంది. కెనడాకు రుసుం 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. ఈ రెండో వీసాను ఇండియాలో ఉండగానే తీసుకోవడం మంచిది. అమెరికా చేరాక అక్కడి నుంచి దరఖాస్తు చేయవచ్చు గానీ, పాస్‌పోర్టు వీసా ముద్ర కోసం వెళ్లి ఎప్పుడు తిరిగొస్తుందో అని ఓడ రోజు దగ్గరపడే కొద్దీ ఎదురుచూడటం ఎవరికీ వద్దు.

అసలు పరీక్ష కూతురి కుటుంబానిది. అమెరికా వీసా ఇంకా లేని ముగ్గురు. ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి నెలలు పట్టే కాలాలున్నాయి, దొరికాక వీసా వస్తుందన్న హామీ లేదు. క్రూయిజ్ కంపెనీలేమో మిగతా సొమ్ము సాధారణంగా ప్రయాణానికి మూడు నెలల ముందే కట్టమంటాయి. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే కోత మొదలై, రోజులు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. సరైన కాగితాలు లేవని రేవులో ఆపేస్తే పైసా తిరిగి రాదు. గొలుసు ఇలా ఉంది: వీసా తేదీ మన చేతిలో లేదు, సొమ్ము కట్టే తేదీ కంపెనీ చేతిలో ఉంది, పుట్టినరోజు తేదీ ఎవరి చేతిలోనూ లేదు. ముందు ఓడ నచ్చి, తర్వాత వీసాల వెంట పడేవాళ్లు ఈ మూడింటి మధ్య నలుగుతారు. ఇంట్లో అందరికన్నా బలహీనమైన కాగితం ఎవరిదో చూసి, వాళ్ల వీసా చేతికొచ్చాక ఆ ఏడాది కాకపోతే మరుసటి ఏడాది ఓడను ఎంచుకున్న కుటుంబానికి ఈ గొడవ ఉండదు. షష్టిపూర్తి శాంతి ఇంట్లో ముహూర్తానికే జరుగుతుంది కాబట్టి, ప్రయాణం ఆర్నెల్లు అటూ ఇటూ అయితే శాస్త్రం అడ్డు చెప్పదు.

మంచు గోడ ముందు ఒక పూట

ఇంత తంటా పడి వెళ్లేది దేనికంటే, ఎక్కువమంది చెప్పే పేరు గ్లేసియర్ బే. ఈ జాతీయ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే అనుమతిస్తారు. అలాస్కా అని రాసి ఉన్న ప్రతి టికెట్టూ అక్కడికి వెళ్లదు. కొన్ని హబ్బర్డ్ హిమానీనదానికి, కొన్ని ఫియోర్డుల్లోకి, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయల్లోకి వెళ్తాయి. టికెట్ కొనే ముందు ప్రయాణ పట్టికలో ఏ పేరు ఉందో చదువుకోవాలి.

పార్కు సిబ్బంది పొద్దున్నే చిన్న పడవలో వచ్చి, కదులుతున్న ఓడ పక్క నుంచి నిచ్చెనతో పైకెక్కుతారు. రోజంతా మైకులో వివరిస్తారు. ఓడ ఎక్కడా ఆగి దించదు. మార్జరీ హిమానీనదం ముందుకు వెళ్లి నెమ్మదిగా తనచుట్టూ తాను తిరుగుతుంది, రెండు వైపుల బాల్కనీలకూ కనిపించేలా. కుడివైపు క్యాబినా ఎడమవైపా అన్న బెంగ అందుకే అక్కర్లేదు. మార్జరీ పొడవు సుమారు 34 కిలోమీటర్లు, ముఖం వెడల్పు మైలు, నీటిపైన ఎత్తు దాదాపు 250 అడుగులు.

దగ్గరికి వెళ్లాక మొదట ఆశ్చర్యపరిచేది రంగు. వేల అడుగుల మంచు తన బరువుకు తానే నొక్కుకుపోయి లోపలి గాలి బుడగలు బయటికి పోతాయి. అంత చిక్కటి మంచు ఎర్రటి కాంతిని మింగేసి నీలాన్ని వదులుతుంది. అందుకే పగుళ్లలో నీలిమందు కలిపినట్టు ఉంటుంది. నీళ్లు మాత్రం పలచటి మజ్జిగలా కనిపిస్తాయి, మంచు కింద నలిగిన రాతి పిండి వల్ల. గోడ నుంచి ఒక పెళ్ల విరిగితే ముందు కంటికి కనిపిస్తుంది, చప్పుడు ఒకటి రెండు సెకన్ల తర్వాత చేరుతుంది. తుపాకి పేలినట్టున్న శబ్దం విని తల తిప్పేసరికి పెళ్ల నీళ్లలో మునిగిపోయి ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఫోన్ పక్కన పెట్టి గోడనే చూస్తూ నిలబడతారు.

1794లో బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ వాంకూవర్ నావికులు ఇటు వచ్చినప్పుడు ఈ అఖాతమే లేదు, దాదాపు అంతా మంచు. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు చాలా మైళ్లు వెనక్కి వెళ్లింది. ఇప్పటికి మొత్తం సుమారు 105 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వెళ్లేంత దూరం అనుకోవచ్చు. అందులో ఎక్కువ భాగం పరిశ్రమల కాలం బాగా ఊపందుకోకముందే కరిగింది కాబట్టి మొత్తం నేరం నేటి వేడెక్కడం మీద వేయడం సరికాదు. హబ్బర్డ్ అయితే ముందుకే జరుగుతోంది. కానీ అలాస్కాలో మిగతా హిమానీనదాలు ఎక్కువ శాతం కుంచించుకుపోతున్నాయన్నది కాదనలేనిది. కరిగిపోయేలోపు చూసి రావాలని పొగ వదిలే ఓడల్లో వెళ్లడంలో ఒక వైరుధ్యం ఉంది. దాన్ని కొంత తగ్గించడానికే 2001లో జునో రేవు క్రూయిజ్ ఓడలకు ఒడ్డు నుంచి కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది, ప్రపంచంలో మొదటిసారిగా. సుమారు 32 వేల జనాభా ఉన్న ఆ ఊళ్లోకి రోజుకు దిగే ప్రయాణికుల సంఖ్య మీద కూడా 2026 నుంచి పరిమితి ఉంది: మామూలు రోజుల్లో 16 వేలు, శనివారం 12 వేలు. ఊరి జనంలో సగం మంది ఒక్క రోజులో దిగితే ఎలా ఉంటుందో రథసప్తమి నాటి అరసవల్లి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

సముద్రపు ఊపు

కళింగపట్నం, బారువ తీరాల్లో పెరిగినవాళ్లకు కెరటం కొత్త కాదు, మిగతావాళ్లకు వాంతుల భయం ఉంటుంది. వాంకూవర్ నుంచి వెళ్లే ఓడలు ఎక్కువగా దీవుల చాటున ఇన్‌సైడ్ పాసేజ్‌లో పోతాయి, నీళ్లు చెరువులా ఉంటాయి. సియాటెల్ నుంచి వెళ్లేవి చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, తెరిచిన పసిఫిక్ మీదుగా పోతాయి. ఒక రోజు ఊపు తప్పదు. కింది అంతస్తుల్లో, ఓడ మధ్యలో ఉన్న క్యాబిన్‌లో కదలిక తక్కువ. ఉయ్యాల బల్ల మధ్యలో కూర్చున్నట్టు.

టికెట్ ధర ఒకటి, బిల్లు ఇంకొకటి

ప్రకటనలో కనిపించే ధర ఒక మనిషికి, అదీ ఇద్దరు ఒక క్యాబిన్ పంచుకుంటే. అందులో పడక, భోజనం, ప్రదర్శనలు ఉంటాయి. దాని మీద రేవు పన్నులు, రుసుములు పడతాయి. అలాస్కా ప్రభుత్వమే ప్రతి ప్రయాణికుడి మీద 34.50 డాలర్ల పన్ను వేస్తుంది. టిప్పులు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్లు వాటంతట అవే బిల్లులో చేరతాయి. ఎనిమిది మంది, ఏడు రోజులు, 17 డాలర్లు అనుకుంటే 952 డాలర్లు. చంటిదానికి కూడా టిప్పా అని తాతగారు అడిగితే, చాలా ఓడల్లో అవునన్నదే జవాబు.

ఒడ్డున చేసే పర్యటనలు వేరు. స్కాగ్వేలో 1898లో బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన వైట్ పాస్ రైలు, జునోలో తిమింగలాల పడవ, రెండూ మనిషికి వంద డాలర్లు దాటతాయి. హెలికాప్టర్‌లో హిమానీనదం మీద దిగాలంటే దానికి కొన్ని రెట్లు. ఇంటర్నెట్‌కు విడిగా కట్టాలి.

ఎక్కడ మిగులుతుందంటే, అదే క్యాబిన్‌లో మూడో, నాలుగో మనిషికి ధర తగ్గుతుంది. మేలోనూ సెప్టెంబరులోనూ జులై కన్నా చవక. ఎటొచ్చీ విడిగా క్యాబిన్ కావాలన్న ఒంటరి పెద్దమ్మకు దాదాపు ఇద్దరి డబ్బు పడుతుంది. బాల్కనీ విషయంలో ఒక అభిప్రాయం: గ్లేసియర్ బే రోజున అందరూ పై డెక్ మీదే ఉంటారు, కానీ చలికి పది నిమిషాలకోసారి లోపలికి వచ్చి వేడి టీ తాగే పెద్దవాళ్లకు బాల్కనీ డబ్బు వృథా కాదు. పిల్లల గదికి కిటికీ కూడా అక్కర్లేదు, వాళ్లు గదిలో ఉండరు.

ఇండియాలో ఏజెంటు దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) కోత ఉంటుంది. రేటు బడ్జెట్లతో మారుతుంటుంది. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఒంట్లో బాగోకపోతే

ఓడలో డాక్టరు, చిన్న క్లినిక్ ఉంటాయి. బిల్లు మాత్రం అమెరికా తరహాలో గది ఖాతాకు పడుతుంది. ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్‌లో తరలించాలి, ఆ ఖర్చు పదుల వేల డాలర్లకు చేరగలదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాలసీ పత్రంలో రెండు మాటలు వెతకాలి. ముందు నుంచే ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే కవర్ అవుతుందా? తరలింపు ఖర్చు పరిమితి ఎంత? చవక పాలసీలు మొదటి దగ్గరే చేతులెత్తేస్తాయి.

ఉద్దానం కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. మామూలు క్రూయిజ్ ఓడల్లో డయాలిసిస్ సౌకర్యం ఉండదు. కిడ్నీ జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లు కూడా తమ డాక్టరు మాట, మందుల చీటీ ఇంగ్లీషులో రాయించుకుని, మందులు చేతి సంచిలోనే పెట్టుకోవాలి. పెద్ద సూట్‌కేసులు ఎక్కే రోజు సాయంత్రానికి గానీ గదికి చేరవు.

ఆర్నెల్లు నిండని పసివాళ్లను, ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలో అడుగుపెట్టే గర్భిణులను చాలా కంపెనీలు ఎక్కించుకోవు. షష్టిపూర్తీ సీమంతమూ కలిసొచ్చిన ఇళ్లలో ఇది చివరి నిమిషంలో బయటపడుతూ ఉంటుంది.

అన్నం, ఆవకాయ, దీపం

శాకాహారులకు భయం లేదు. ముందే చెబితే పెద్ద కంపెనీల ఓడల్లో పప్పు, కూర, అన్నం పెడతారు. వంటవాళ్లలో, సిబ్బందిలో భారతీయులు ఎక్కువే. ఇంట్లో వండినవి ఓడలోకి తేనివ్వరు. సీలు వేసిన ప్యాకెట్లకు చాలాచోట్ల అభ్యంతరం ఉండదు కాబట్టి కంపెనీ సీసాలో ఆవకాయ, పలాస జీడిపప్పు ప్యాకెట్ వెళ్తాయి. అమ్మ పెట్టిన ఆవకాయ సియాటెల్ కొడుకింట్లోనే ఆగిపోతుంది. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె తెస్తే చెకింగ్‌లో తీసుకుని దిగేటప్పుడు ఇస్తారు.

నిప్పు మాత్రం ససేమిరా కుదరదు. దీపం, అగరుబత్తి, కర్పూరం ఏదీ క్యాబిన్‌లో వెలిగించకూడదు. ఓడకు అగ్నిప్రమాదాన్ని మించిన భయం లేదు మరి. హోమం, శాంతి ఓడలో చేయించుకుందామన్న ఆలోచన ఇక్కడితో ఆగుతుంది. దండలు మార్చుకోవడం, కేకు కోయడం, పట్టుబట్టల్లో ఫోటో వరకే ఓడ వంతు.

నార్వే అయితే

కుటుంబంలో ఎక్కువమంది ఇండియాలోనే ఉంటే నార్వే తీరం గురించి ఆలోచించవచ్చు. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవులు తాకుతూ వెళ్లే హుర్టిగ్రూటెన్ ఓడలు 1893 నుంచి నడుస్తున్నాయి. రానూ పోనూ 12 రోజులు. ఇవి సరుకులూ స్థానిక ప్రయాణికులనూ మోసే ఓడలు, క్యాసినోలూ జారుడు బల్లలూ ఉండవు. రేవుల్లో ఒకోసారి అరగంటే ఆగుతాయి. మన ప్యాసింజర్ రైలు లెక్క. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు ఒక్క షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా పనికొచ్చేది) చాలు, రుసుం 90 యూరోలు, 30 వేల యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. అమెరికాలో ఉన్న హెచ్-1బీ కొడుకూ గ్రీన్ కార్డు కోడలూ ఇద్దరూ అప్పుడు వీసా తీసుకోవాలి. అలాస్కాలో కోడలికి ఉన్న సులువు ఇక్కడ లేదు. ఉత్తర కాంతులు కావాలంటే అక్టోబరు నుంచి మార్చి వరకు ఇదే దారి. అయితే అప్పటి చలికి అరకు పోలిక పనికిరాదు.

వీసాలే వద్దనుకునేవాళ్లకు విశాఖపట్నం ఉంది. 2022 జూన్‌లో కార్డేలియా ఓడ అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై తిరిగింది. 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మంచు ఉండదు, ఉక్కపోతే. ఓడ జీవితం తమకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి మాత్రం ఆ మూడు నాలుగు రోజులు సరిపోతాయి.

ఊళ్లో ఏం మారుతుంది

ఓడ వచ్చిందని ఫంక్షన్ హాలు పోలేదు. నిప్పు లేని చోట శాంతి జరగదు కాబట్టి పురోహితుడు, సన్నాయి మేళం, వంటమేస్త్రి ఎక్కడికీ పోరు. మారేది విందు కొలత. వెయ్యి మందికి పెట్టే భోజనం రెండు మూడు వందలకు తగ్గి, మిగిలిన సొమ్ము టికెట్ల వైపు మళ్లుతుంది. దాని దెబ్బ ముందుగా తగిలేది షామియానా, కేటరింగ్ వాళ్లకు. ఆ తర్వాత పిలుపు అందని దూరపు బంధువులకు. ‘మా ఇంట్లో కార్యానికి మేం పిలిచాం, వాళ్లు ఓడెక్కి పోయారు’ అన్న మాట ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే కొన్ని ఇళ్లు వరసను విడదీస్తున్నాయి. ముహూర్తానికి ఊళ్లో శాంతి, దగ్గరివాళ్లకు భోజనం. వేసవిలో పిల్లలతో ఓడ. ఖర్చు రెండింతలవుతుందన్నది నిజమే గానీ, ఒకటి కొడుకు పంచుకుంటే ఇంకోటి కూతురు పంచుకుంటుంది.

ప్రయాణంలో ఊరితో మాట కలపాలన్నా లెక్క తెలియాలి. వేసవిలో సియాటెల్‌కూ మనకూ పన్నెండున్నర గంటల తేడా, జునో చేరితే పదమూడున్నర. అక్కడ రాత్రి ఎనిమిదికి, ఇంకా ఎండ వెలుగు ఉండగానే, కేకు కోస్తుంటే శ్రీకాకుళంలో మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. టిఫిన్లు అయిపోయి అందరూ తీరిగ్గా ఉండే వేళ. సముద్రం మీద సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ కాల్ ఓడ రేవులో ఉన్న రోజు పెట్టుకుంటే, ఇంటర్నెట్ ప్యాకేజీ కొనే పని కూడా తప్పుతుంది.